చక్రం హోరుమంటోందా? పాటల సౌండు పెంచకండి!

తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. కర్ణాటక, తెలంగాణ నుంచి కూడా జనం బైకులు, కార్లు వేసుకొని వస్తారు. వజ్రం దొరకడం అదృష్టం. కానీ పొలం దారి బురదలో, గుంతల్లో తిరిగిన కారు ఒక్కోసారి కొత్త శబ్దాన్ని వెంటేసుకొని వెళ్తుంది. గుత్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి స్పీడు పెంచగానే కింద నుంచి ఒకటే హోరు. చాలామంది ఏం చేస్తారు? పాటల సౌండు పెంచుతారు!

ఆ హోరు వీల్ బేరింగుది కావచ్చు. కారు బరువు మోస్తూనే చక్రాన్ని తేలిగ్గా తిరగనిచ్చేది ఇదే. రెండు ఉక్కు రింగులు, మధ్యలో గుండ్లు లేదా రోలర్లు, గ్రీజు, నీళ్లు రాకుండా సీలు. అంతే! వేడెక్కిన హబ్ నీళ్ల మడుగులో దిగితే చటుక్కున చల్లబడుతుంది. సీలు అరిగి ఉంటే ఆ సందులోంచి నీరు లోపలికి లాగేస్తుంది. గ్రీజు పాడవుతుంది, గుండ్లు తుప్పు పడతాయి. గుంతలో గట్టిగా పడినా రింగు మీద గుండ్ల అచ్చు పడి గరుకుబారుతుంది.

శబ్దం ఎక్కడిది?

ఖాళీ రోడ్డు మీద స్పీడులో ఉండగా న్యూట్రల్ చేసి చూడండి. ఇంజిన్ నెమ్మదించినా హోరు తగ్గలేదంటే అది చక్రాల దగ్గరిదే. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే శబ్దం మారితే టైర్లను అనుమానించాలి. స్టీరింగు కొంచెం కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగే పోయినట్టు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు 'టక్ టక్' మంటే అది యాక్సిల్ జాయింటు గొడవ, బేరింగుది కాదు.

ఇక జాకీ పరీక్ష. చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం లేపండి. టైరును పైనా కిందా పట్టుకొని ఊపండి. ఆడుతోందా? ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. అప్పుడు ఆగిపోతే లూజు బేరింగులోనే. అప్పటికీ ఆడుతుంటే బాల్ జాయింటు లాంటివి చూపించాలి. జాకీని నమ్మి కారు కిందికి మాత్రం దూరొద్దు.

షెడ్డులో ఇవి గమనించండి

ట్రాక్టర్ ట్రాలీ బేరింగయితే విప్పి, కడిగి, గ్రీజు పెట్టొచ్చు. ఇప్పటి కార్లలో ఎక్కువగా సీలు వేసినవే. అరిగితే మార్చడమే దారి. ఒక వైపే పోతే ఒకటే మార్చుకోవచ్చు.

కొత్త బేరింగును సుత్తితో కొట్టి ఎక్కిస్తుంటే ఆపండి. ఆ దెబ్బలకు కొత్త గుండ్లే దెబ్బతిని, కొన్నాళ్లకే మళ్లీ హోరు మొదలవుతుంది. ప్రెస్ ఉన్న షెడ్డుకే వెళ్లండి. నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. హబ్‌ను దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఉండాలి. ఏబీఎస్ ఉన్న కార్లలో కొన్ని బేరింగుల సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. దాన్ని సెన్సరు వైపే పెట్టాలి. తిరగేస్తే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది. యాక్సిల్ నట్టు కొత్తది వేయించి, కంపెనీ చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించమనండి.

పాడైన బేరింగుతోనే తిప్పితే? ముందు టైరు వంకరగా అరుగుతుంది. తర్వాత లూజు పెరుగుతుంది. చివరికి చక్రం పట్టేయొచ్చు, ఊడిపోనూవచ్చు. అదీ ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని హైవే మీద వెళ్తున్నప్పుడైతే?

అందుకే చేలకు వెళ్లొచ్చిన మర్నాడు ఓ పది నిమిషాలు పాటలు ఆపి, అద్దాలు ఎత్తి కారు నడపండి. హోరు వినిపిస్తే వచ్చే వజ్రాల వేట దాకా ఆగకండి, నేరుగా షెడ్డుకే!