కొలత యంత్రముది, అంగీకారము మనుష్యులది

పొలముగట్టు తగవు వచ్చినపుడు గొలుసు పట్టించి, రాళ్లు పాతించుట మన గ్రామములయందు చిరకాలముగ నున్న ఆచారమే. ఆ కొలతకు ఉభయులును ముందుగా కట్టుపడినచో తగవు ఆనాడే ముగియును. ఒకరు పటమును దాచినచో మూడు తరములవరకు న్యాయస్థానమును విడువదు. దేశముల సరిహద్దు తగవులును ఇంతకంటె భిన్నములు కావు. కొండలను, లోయలను, నదులను కంప్యూటరులో నమూనాగ నిర్మించి, గీత ఎచట గీచిన ఎవరికెంత వచ్చునో క్షణములో లెక్కగట్టు విద్య నేడు కలదు. దీనివలన తగవులు ఎంతవరకు తీరునో విచారింపవలసి యున్నది.

1995 నవంబరులో అమెరికాలోని డేటన్ నగరము చెంతగల వైమానిక స్థావరమున బోస్నియా యుద్ధమును ముగించుటకు సంప్రదింపులు జరిగినవి. బోస్నియా, సెర్బియా, క్రొయేషియా అధ్యక్షులు మువ్వురును హాజరైరి. బోస్నియా భూమిలో నూటికి 51 వంతులు ముస్లిము క్రోటు సమాఖ్యకును, 49 వంతులు సెర్బులకును అను నిష్పత్తి ముందే స్థిరపడియుండెను. గీత మారినపుడెల్ల పటములవారు కంప్యూటరుపై వైశాల్యమును లెక్కించి చెప్పుచుండిరి. ఒకమారు కుదిరిన గీతవలన సమాఖ్యకు 55 వంతులు పోవుచున్నవని తేలగా సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ ఆగ్రహించెను. బేరము మరల మొదలయ్యెను. అయితే గొరాజ్దె పట్టణమునకు దారి విడుచు విషయమున అదే యంత్రము మేలు చేసెను. తా నీయజూపిన ఇరుకుదారి ఆ కొండలలో ఎట్లు నిరర్థకమో, విమానమున పోవుచున్నట్లు తెరపై చూచిన పిదప మిలోషెవిచ్ దానిని వెడల్పు చేయుట కంగీకరించెను. నవంబరు 21వ తేదీన ఒడంబడిక కుదిరెను.

బ్రచ్కో పట్టణము మాత్రము ఏ లెక్కకును లొంగలేదు. దానిని మధ్యవర్తులకు విడువవలసివచ్చెను. 1999 మార్చిలో వారు దానిని ఉభయులకును ఉమ్మడియైన ప్రత్యేక మండలముగ నిర్ణయించిరి. వైశాల్యమును యంత్రము కొలిచెను. ఆ ఊరిపై ఉభయులకు గల పట్టుదలను కొలువలేకపోయెను.

ఈ పాఠము మనకు దూరమైనది కాదు. భారత చైనాల నడుమ వాస్తవాధీన రేఖ విషయమున 2000వ సంవత్సరమున మధ్యవిభాగపు పటములు మార్చుకొనబడినవి. పశ్చిమవిభాగపు పటములను మార్చుకొను యత్నము 2002లో విఫలమయ్యెను. ఆ పశ్చిమవిభాగములోనిదే గాల్వాన్ లోయ. 2020 జూన్ 15వ తేదీ రాత్రి అచట మన సైనికులు 20 మంది ప్రాణము లర్పించిరి. ఎదుటిపక్షము తన గీతను పటముపై చూపనిచో ఎంతటి యంత్రమైనను దేనిని కొలుచును?

డేటనులో యంత్రమును, పటములను అమెరికావారివి. తన కొలత తనకు లేని దేశము ఒరుల కొలతను నమ్మవలసినదే. మనకట్టి దుస్థితి లేదు. 1767లో నెలకొల్పబడిన భారత సర్వేశాఖ కలదు. శ్రీహరికోటనుండి ఎగసిన కార్టోశాట్ ఉపగ్రహములు కలవు. కావున మన ప్రభుత్వము తన లెక్కలను సిద్ధపరచి, పటముల మార్పిడినే మొదటి షరతుగ పట్టుపట్టవలెను. లెక్కలు ఉభయుల నిపుణులును సరిచూచునట్టివై యుండవలెను. ఏ అంగుళము ఏల నిలుపుకొనుచున్నామో, ఏల విడుచుచున్నామో పార్లమెంటునకు విన్నవింపవలెను. ప్రజ లెరుగని గీత ఎంత సూక్ష్మముగ గీచినదైనను నిలువదు.