డెంగ్యూ కార్డు టెస్ట్ నెగెటివ్ వచ్చిందా..? అయితే జ్వరం ఎన్నో రోజో ముందు లెక్క చూసుకోండి!

వానాకాలం వస్తే చాలు.. తెలుగు రాష్ట్రాల్లో డెంగ్యూ టెన్షన్ మొదలవుతుంది. జ్వరం రాగానే ల్యాబ్‌కు పరుగు. కాసేపట్లోనే కార్డు టెస్ట్ రిజల్ట్ వచ్చేస్తుంది. నెగెటివ్ అంటే హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ నెగెటివ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

కార్డులో ఏం జరుగుతుంది?

డెంగ్యూ వైరస్ ఎన్‌ఎస్‌1 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. దాన్ని పట్టుకోవడానికి మోనోక్లోనల్ యాంటీబాడీలు వాడతారు. అంటే ఒకే కణం సంతతి నుంచి తయారైన, అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండే యాంటీబాడీలన్నమాట. ఇవన్నీ ఒకే టార్గెట్‌కు అతుక్కుంటాయి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ వీటి తయారీ పద్ధతిని కనిపెట్టారు. 1984లో నోబెల్ అందుకున్నారు.

కార్డులో రంగు కణాలున్న యాంటీబాడీ ఎన్‌ఎస్‌1ను పట్టుకుని ముందుకు సాగుతుంది. 'టి' గీత దగ్గర కాపు కాసిన మరో యాంటీబాడీ దాన్ని ఆపేస్తుంది. రంగు పోగుపడి గీత కనిపిస్తుంది. అదే పాజిటివ్. 'సి' గీత రాకపోతే మాత్రం ఆ టెస్ట్ చెల్లదు.

తేడా ఎక్కడ వస్తుందంటే..

ఎన్‌ఎస్‌1 ఎక్కువగా దొరికేది జ్వరం మొదలైన తొలి 5 రోజుల్లోనే. ఆ తర్వాత తగ్గిపోతుంది. గతంలో ఒకసారి డెంగ్యూ వచ్చినవారిలో ఇంకా త్వరగా కనిపించకుండా పోవచ్చు. శరీరంలో పాత యాంటీబాడీలు దాన్ని ముందే చుట్టుముట్టేస్తాయి. రెండోసారి వచ్చే డెంగ్యూలోనే ముప్పు ఎక్కువ. టెస్ట్ తప్పిపోయే ఛాన్స్ కూడా వాళ్లలోనే ఎక్కువ. అసలు చిక్కు ఇదే!

అందుకే 5 రోజులు దాటితే ఐజీఎం ఎలైజా టెస్ట్ చేయించాలి. జాతీయ మార్గదర్శకాలు కూడా నిర్ధారణకు కార్డు కాదు, ఎలైజానే చూడమంటున్నాయి.

ఇవి మర్చిపోవద్దు

జ్వరం ఏ రోజు మొదలైందో డాక్టర్‌కు కచ్చితంగా చెప్పండి. రిపోర్టులో ఏ టెస్ట్ చేశారో చూడండి. జ్వరం తగ్గాక కూడా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టర్‌ను అడగకుండా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు. కార్డు నెగెటివ్ అన్నంత మాత్రాన ఈ లక్షణాలను తేలిగ్గా తీసుకుంటే ప్రాణాల మీదకు రావొచ్చు.