175 గేట్లు

ముందే చెప్పేస్తున్నా, నేను ఫిట్‌నెస్ మనిషిని కాదు. రెండో అంతస్తు ల్యాబ్‌కి మెట్లెక్కితే ఆయాసపడే బ్యాచ్‌లోనే మొన్నటిదాకా ఉన్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగు కూడా అంత ఫిట్‌గా ఉండదు. ఒత్తులు తప్పితే క్లబ్ సీనియర్లు సరిచేస్తారన్న ధైర్యంతో రాస్తున్నా.

పోయినేడాది మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో స్టెప్స్ ఛాలెంజ్ పెట్టుకున్నాం. రోజుకి 10,000 అడుగులు, నెల రోజులు, రాత్రి పడుకునే ముందు స్క్రీన్‌షాట్ పెట్టాలి. మొదటి వారం అందరం కారిడార్లలో తెగ తిరిగాం. రెండో వారానికి సగం మంది మిగిలారు. మూడో వారంలో, ఫస్ట్ ప్లేస్‌లో ఉన్నవాడు హాస్టల్ మంచమే దిగట్లేదని తెలిసింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి మంచం మీంచి కిందకి వేలాడేసి ఊపుతూ, లాప్‌టాప్‌లో సిరీస్ చూస్తున్నాడు. ఇంకొకడు ఇంటికెళ్ళినప్పుడు మేనల్లుడి ఉయ్యాల్లో ఫోన్ పడుకోబెట్టాడట. పిల్లాడు నిద్రపోయేలోపు మూడు వేల అడుగులు!

నేను మాత్రం నిజాయితీగా నడిచాను. 21 రోజుల స్ట్రీక్. ఇరవై రెండో రోజు జ్వరం వచ్చింది, స్ట్రీక్ సున్నా అయిపోయింది. ఆ రాత్రి నాకు బాధ కలగలేదు. ఇంక రేపట్నుంచి నడవక్కర్లేదు కదా అని ఎంత హాయిగా అనిపించిందో! తర్వాత అదే నన్ను తొలిచింది. జ్వరం వస్తే సంతోషపడేంతగా నేను ద్వేషించిన పనిని ఇరవై ఒక్క రోజులు "ఆరోగ్యం" అని పిలుచుకున్నాను.

ఆ పదివేల లెక్క ఎక్కడిదో తెలుసా? నేను ఎవరో డాక్టర్లు తేల్చిన సంఖ్య అనుకునేదాన్ని. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో ఒక జపాన్ కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్‌పో‌కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మడానికి పెట్టిన పేరు అరవై ఏళ్ళ తర్వాత మన మెడకి చుట్టుకుంది. నడక మంచిది కాదని అనట్లేదు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, దాంతో నాకేం గొడవ లేదు. కానీ ఆ 150 నిమిషాలు ఎవరి కోసం, ఎందుకు, ఏ మూడ్‌లో అన్నది ఏ యాప్‌లోనూ ఉండదు.

మా నాన్నకి 46వ ఏట సుగర్ బయటపడింది. డాక్టరుగారు రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు. నాన్న మేడ మీద నడిచేవారు, ఈ చివర నుంచి ఆ చివరకి, మొహం చూస్తే ఏదో నేరం చేసి శిక్ష అనుభవిస్తున్నట్టు. మొదటిసారి పదకొండు రోజులు, రెండోసారి వారం. మూడోసారి కొత్త షూస్ కొన్నారు కాబట్టి నెల. ఆ షూస్ ఇప్పుడు మా అన్నయ్య వేసుకుంటున్నాడు. ఇంట్లో అందరం "మీకు విల్‌పవర్ లేదు నాన్నా" అనేవాళ్ళం. స్ట్రీక్ పోయిన రోజు నాకర్థమైంది, మా ఇద్దరిదీ ఒకటే జబ్బు.

1973లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. సర్టిఫికెట్లు ఇచ్చేశారు కూడా. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, మిగతా పిల్లలు మామూలుగానే వేసుకుంటున్నారు, సర్టిఫికెట్ కోసం వేసిన పిల్లలే తక్కువ వేస్తున్నారు. నాకిది చదవగానే మన కోడింగ్ సైట్లలో రోజువారీ స్ట్రీక్‌లు గుర్తొచ్చాయి. సరే, అది వేరే వ్యాసం.

మా ఇల్లు ధవళేశ్వరంలో. సంక్రాంతి సెలవుల్లో ఏం తోచక అన్నయ్య పాత సైకిలుకి చైన్ వేయించి, గాలి కొట్టించి, పొద్దున్నే బ్యారేజీ మీదకి పోయాను. వ్యాయామం కోసం కాదండీ, నిజంగా. పొగమంచులో గోదావరి ఎలా ఉంటుందో ఫోటో తీసి స్టేటస్ పెడదామని. ఫోటో సరిగ్గా రాలేదు. అంతా తెలుపే. కానీ వెనక్కి తిరగబుద్ధి కాలేదు. పిచ్చుకలంక దాటాను. తర్వాత ర్యాలీ పాయ దాటాను. బొబ్బర్లంక దగ్గర బడ్డీ కొట్టులో టీ కనిపిస్తే ఆగాను. "ఆయ్, ఇంత చలిలో ఎక్కడ్నుంచమ్మా" అన్నాడు కొట్టు బాబాయ్. ధవళేశ్వరం అని చెప్తుంటే నాకే గొప్పగా అనిపించింది. బైకు మీద ఎన్నిసార్లు వచ్చానో ఆ దారిన. నది ఇంత వెడల్పని కాళ్ళకి తెలియడం మాత్రం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి తాతయ్యకి చెప్పాను. తాతయ్యకి ఒకప్పుడు లంకలో కౌలుకి కూరగాయల చేను ఉండేది. రోజూ సైకిలు మీద బ్యారేజీ దాటి వెళ్ళొచ్చేవాడు. నేను పొంగిపోతూ "మీ రోజుల్లో అందుకే అంత ఆరోగ్యంగా ఉండేవాళ్ళేమో తాతయ్యా" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, "ఆరోగ్యం ఏంటే, అప్పు ఉండేది. మోపెడ్డు కొనే డబ్బుల్లేక తొక్కాను" అని మోకాలు చూపించాడు. ఆ మోకాలికి ఇప్పుడు రెండు పూటలా నూనె రాయాలి.

అందుకే "పాత రోజుల్లో అందరూ కష్టపడేవాళ్ళు, గట్టిగా ఉండేవాళ్ళు" అనే ఫార్వర్డ్ మెసేజ్‌లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తాతయ్యది తప్పనిసరి, నాది సరదా. అదే దారి, అదే సైకిలు, కానీ రెండూ ఒకటి కావు. అయితే తాతయ్య ఇంకో మాట కూడా అన్నాడు. మొత్తం 175 గేట్లుంటాయనీ, ఎండలో లోడుతో వస్తూ విసుగు తెలీకుండా లెక్కపెట్టుకుంటూ తొక్కేవాడిననీ. ధవళేశ్వరం పాయకి 70, ర్యాలీకి 43, మద్దూరుకి 23, విజ్జేశ్వరానికి 39. ఇప్పటికీ నోటికి చెప్తాడు. అంత తప్పనిసరిలో కూడా మనిషి ఒక ఆట వెతుక్కున్నాడు చూడండి.

మర్నాడు నేనూ లెక్కపెట్టాను. 168 వచ్చింది. అడుగులు లెక్కపెట్టడం మానేసి గేట్లు లెక్కపెడుతోంది, తేడా ఏముంది అనుకోకండి. ఈ లెక్కకి టార్గెట్ లేదు, స్క్రీన్‌షాట్ లేదు. మధ్యలో కొంగ కనిపిస్తే పోతుంది, లారీ హారన్ కొడితే పోతుంది. పోతే మళ్ళీ మొదటినుంచి. జనవరి నుంచి వారంలో నాలుగైదు రోజులు వెళ్తున్నాను. బరువు చూసుకోలేదు. ఒకట్రెండుసార్లు ఆదివారాలు ఆత్రేయపురం దాకా పోయి పూతరేకులు తిని వచ్చాం, మా ఫ్రెండూ నేనూ. ఆ లెక్కన బరువు పెరిగే ఉంటుంది. 2023లో జీఐ గుర్తింపు వచ్చిన స్వీటు కాబట్టి దాన్ని వదిలేయడం నేరం.

ఇక్కడిదాకా చదివి "అయితే నీకు సైకిల్, నాకు జిమ్, అంతేగా" అంటారేమో. అంతే కాదు. మన దగ్గర అసలు సరదాగా ఆడటానికి చోటే లేదు అంటాను నేను. ఆడితే సెలెక్ట్ అవ్వాలి, లేదంటే చదువుకోవాలి. మధ్యలో ఇంకోటి లేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో స్మాష్ కొడితే గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం. మన జిల్లావాడని మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. మా పిన్ని కొడుకుని కూడా వెంటనే షటిల్ కోచింగ్‌లో చేర్చారు. వాడికి షటిల్ అంటే ప్రాణం. రెండేళ్ళయినా జిల్లా టీమ్‌లోకి రాలేదని మాన్పించేశారు. వాడు సాత్విక్ కాలేడు, నిజమే. కానీ సాయంత్రం రెండు గంటలు వాడు సంతోషంగా ఉండేవాడు కదా, అది ఎందుకు తీసేసినట్టు? ఇప్పుడు ఆ రెండు గంటలూ ఫోన్ చూస్తాడు. ఇంకో పాతికేళ్ళకి వాడికీ ఓ డాక్టరు నలభై నిమిషాలు నడవమని చీటీ రాసిస్తాడు.

ఇంటర్ రెండేళ్ళ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. పదిహేడేళ్ళ లోపు పిల్లలకి రోజుకి సగటున గంట కదలిక కావాలని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మేమున్న క్యాంపస్‌లో స్టడీ అవర్ నుంచి మెస్‌కి, మెస్ నుంచి స్టడీ అవర్‌కి నడవడమే కదలిక. గ్రౌండ్ అనేది బ్రోచర్‌లో ఉండేది. అలా రెండేళ్ళు కూర్చోబెట్టి, బీటెక్‌లోకి రాగానే "ఈ జనరేషన్‌కి మోటివేషన్ లేదు" అని సెమినార్ పెడతారు.

ఇక అమ్మాయిల సంగతి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని పెద్దవాళ్ళు మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఆ పదిహేను శాతం తేడా బద్ధకం వల్ల వచ్చిందా? నా సంగతే చెప్తాను. మే నెలలో ఒకరోజు పొద్దున్న బ్యారేజీ మీద ఇద్దరు బైకు మీద నా పక్కనే నెమ్మదిగా వచ్చారు. ఏవో మాటలన్నారు. మద్దూరు పాయ దాటేదాకా వదల్లేదు. నేను వాళ్ళని చూడకుండా గేట్లు చూస్తూ, గట్టిగా అంకెలు చదువుకుంటూ తొక్కాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఇంటికొచ్చాక అరచేతుల్లో హ్యాండిల్ అచ్చు పడి ఉంది.

వారం రోజులు ఇంట్లో చెప్పలేదు. వాళ్ళంటే భయం ఒకటి. చెప్తే సైకిలు ఆగిపోతుందన్న భయం దానికంటే పెద్దది. ఇది చదువుతున్న అమ్మాయిలకి ఈ వాక్యం వివరించక్కర్లేదనుకుంటా. జిమ్‌కి వెళ్ళవేంటి, వాకింగ్‌కి రావేంటి, బద్ధకం అని మమ్మల్ని అడిగే అబ్బాయిలు మాత్రం దీన్ని ఇంకోసారి చదవండి. మాలో చాలామందికి కావాల్సింది మోటివేషన్ కాదు. పొద్దున్న ఐదున్నరకి ఒక్కదాన్నీ రోడ్డు మీద ఉంటే అది మామూలు విషయం అనిపించే ఊరు కావాలి.

చివరికి ఉండబట్టలేక నాన్నకి చెప్పాను. అనుకున్నట్టే మొదట కేకలేశారు, వాళ్ళ మీద కాదు, నా మీద. అమ్మయితే సైకిలుకి తాళం వేసేసింది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు తెల్లవారుజామున నాన్నే తాళం తీసి, "పద, నేను స్కూటర్ మీద వెనకాల వస్తా" అన్నారు. నాకది పూర్తిగా నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. నా వెనక ఒక స్కూటర్ కాపలా ఉంటే తప్ప నేను సైకిలు తొక్కలేనా? కానీ తొక్కకపోవడం కంటే అదే నయమని ఒప్పుకున్నాను.

నాలుగు రోజులు పాపం పది స్పీడులో నా వెనకే వచ్చారు. స్కూటర్ వేడెక్కిపోతోందని విసుక్కున్నారు. ఐదో రోజు నుంచి బ్యారేజీ మొదట్లో స్కూటర్ ఆపుకుని, మధ్య మధ్యలో ఫోన్ చేస్తానంటే నన్ను పంపించి ఉండిపోతున్నారు. అక్కడ పొద్దున్నే చేపలమ్మేవాళ్ళుంటారు. జూలై వచ్చింది, ఎర్రనీరు దిగింది, పులస సీజను. మా నాన్న మొదట ఊరికే నించుని బేరాలు విన్నారు. తర్వాత ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్ళి ధర కనుక్కోవడం మొదలెట్టారు. కొనేది లేదు, పులస ధర మీకు తెలుసుగా. ఏది పులసో ఏది ఇలసో చూసి చెప్పడం, ఎవరికి ఎంత పడిందో కనుక్కోవడం, ఆ వలలాయన ఎక్కడ వేశాడో అడగడం. ఇప్పుడు స్కూటర్ ఇంటి దగ్గరే వదిలేసి నడిచే వస్తున్నారు, నాకంటే పావుగంట ముందు బయల్దేరి. "నాన్నా, మీరు రోజూ నలభై నిమిషాల పైనే నడుస్తున్నారు తెలుసా" అంటే, "ఇది వాకింగ్ ఏంటి, చేపల దగ్గరికి వెళ్తున్నాను" అన్నారు. నేను ఇంకేం మాట్లాడలేదు. అది వాకింగ్ అని తెలిస్తే మానేస్తారేమోనని భయం.

వరద వస్తే మాత్రం ఇద్దరికీ సెలవు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. మా అమ్మ అది టీవీలో వినగానే సైకిలు తాళం తన కొంగుకి కట్టుకుంటుంది. అప్పుడు మేడ మీద నుంచి నీళ్ళ హోరు వింటూ కూర్చుంటాను. నాన్న అక్కడే పచార్లు చేస్తూ చేపలవాళ్ళు ఇవాళ ఎలా ఉన్నారో అంటారు. స్ట్రీక్ పోయిందని ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాదు.

నిన్న 174 వచ్చింది. తాతయ్య 175 ఖాయం అంటాడు. ఆ ఒక్కటీ ర్యాలీ పాయలోనే తప్పుతోందని నా అనుమానం, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు వల విసురుతుంటారు, నేను అటు చూస్తాను. రేపు మళ్ళీ లెక్కపెడతా. ఎవరైనా వస్తామంటే ఐదున్నరకి కాటన్ దొర విగ్రహం దగ్గర ఉంటాను. గాలి ముందే కొట్టించుకు రండి, ఆ టైముకి పంక్చర్ షాపులు తీయరు.