బాసుగారూ, మీ మీటింగు మీరే ఒకసారి వినండి

ఈ వారం ఒక మిత్రుడు వాట్సాప్‌లో ఆడియో లింకు పంపాడు. హైదరాబాద్‌లోని ఓ కంపెనీ తన ఉద్యోగుల కోసం సొంతంగా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిందట. హోస్టు సాక్షాత్తూ ఎండీ గారే. అతిథి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని అమ్మాయి. ఉద్యోగుల గొంతు వినిపించడమే తమ ధ్యేయమని మొదట్లోనే ప్రకటించారు. ఆ తర్వాత ముప్పావుగంట సేపు వినిపించింది ఎండీ గారి గొంతే.

"సార్, మా టీమ్‌లో నైట్ షిఫ్టుల విషయంలో..." అని ఆ పిల్ల ఎత్తుకుంది. "నైట్ షిఫ్టంటే గుర్తొచ్చిందమ్మా, నేను కెరీర్ మొదలుపెట్టిన రోజుల్లో..." అని ఆయన అందుకున్నారు. అక్కణ్నుంచి అమీర్‌పేట హాస్టలు, సెకండ్ హ్యాండ్ స్కూటరు, మొదటిసారి ఎక్కిన అమెరికా విమానం వరుసగా వచ్చాయి. నైట్ షిఫ్టు మాత్రం మళ్లీ రాలేదు. చివర్లో "నీ ధైర్యం నాకు నచ్చింది" అని మెచ్చుకున్నారు. దేనికి మెచ్చుకున్నారో తెలియదు. అంతసేపు ఓపిగ్గా కూర్చున్నందుకు కాబోలు.

వింటుంటే ఒళ్లు మండింది. కొందరు మిత్రులతో కలిసి నేనూ ఒక చిన్న పాడ్‌కాస్ట్ నడుపుతున్నాను. మనుషులతో పని చేయించడం గురించి లావుపాటి మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెప్పని సంగతులు ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాకే నా చెవికెక్కాయి. అలాంటి మైకునే పట్టుకుని ఆ ఎండీ గారు ఒక్కటీ నేర్చుకోలేదంటే, లోపం మైకులో లేదు.

మా దగ్గర ఇద్దరికి రెండు మైకులు, రెండు ట్రాకులు. రికార్డింగ్ అయ్యాక ఎడిటర్ లాప్‌టాప్ తెరిస్తే పైన హోస్టు గొంతు, కింద అతిథి గొంతు అలలు అలలుగా కనిపిస్తాయి. ఎవరెంత మాట్లాడారో తెలియడానికి వినక్కర్లేదు, చూస్తే చాలు. పై గీత నిండుగా, కింది గీత బోసిగా ఉందంటే ఆ ఎపిసోడ్ పోయినట్టే. మా ఎడిటర్ కుర్రాడికి మొహమాటం తెలియదు. హోస్టుగా ఎవరు కూర్చున్నా సరే, "అన్నా, ఇది ఇంటర్వ్యూనా, సన్మాన సభనా?" అని అడిగి మరీ కత్తెర వేస్తాడు. టీమ్‌లో అందరికంటే చిన్నవాడు అతనే. పెద్దవాళ్ల సోది కోసే హక్కూ అతనిదే. ఏ ఆఫీసులోనైనా ఈ ఏర్పాటు ఉందేమో చెప్పండి. బాసు మాట్లాడుతుంటే జూనియర్ గడియారం వైపు చూసినా అప్రైజల్లో తేలుతుంది కదా!

ఇంకో ముచ్చట. రికార్డింగ్‌కు ముందు గొంతు స్థాయి సరిచూసుకోవడానికి "పొద్దున ఏం టిఫిన్ చేశారండీ?" అని అడుగుతాం. అది లెక్కలోకి రాని ప్రశ్న కాబట్టి మనిషి మనిషిలా మాట్లాడతాడు. నిన్నటి దోసెల పిండి పులిసిందనీ, కోడలు ఊరెళ్లిందనీ, బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయాననీ చెప్తాడు. "ఇక మొదలుపెడదామా" అనగానే వీపు నిటారవుతుంది, భాష మారిపోతుంది, "ఈ సందర్భంగా" అని ఉపన్యాసం మొదలవుతుంది. ఆఫీసుల్లోనూ అంతే. మీటింగులో "ఆల్ గుడ్ సార్" అన్న నోరే, కిందికొచ్చి టీ కొట్టు దగ్గర అసలు సంగతి చెప్తుంది. టీ కొట్టాయనకు తెలిసినంత కూడా మేనేజరుకు తెలియకపోతే, ఆ తప్పు కింది ఉద్యోగిది కాదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఊరుకోవడం. రిటైరైన ఆర్టీసీ కండక్టరమ్మ ఒకామెతో మాట్లాడాం. డ్యూటీలో ఏది కష్టమని అడిగితే చిల్లర గొడవ చెప్పింది, పండగ రద్దీ చెప్పింది. అందరూ చెప్పేవే. అక్కడ ఇంకో ప్రశ్న వేసి ముందుకు పోవచ్చు. పోలేదు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు కూర్చుంది. తర్వాత మెల్లగా అంది: "డ్యూటీ ఎక్కితే నీళ్లు తాగకపోయేదాన్ని సార్. తాగితే మల్ల బస్టాండు వచ్చేదాంక యాడికి పోతం?" సర్వీసంతా దాహంతో చేసిన మనిషి ఆమె. అన్నేళ్లలో ఎన్ని సమీక్షా సమావేశాలు జరిగి ఉంటాయో! పై అధికారులు అడగకపోలేదేమో కూడా. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి ఉండరు.

ఇది నా చాదస్తం కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విన్నారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ ఆగడాన్ని మూడు సెకన్లు దాటిస్తే పిల్లల జవాబులు పెరిగాయి, "తెలీదు టీచర్" అనడం తగ్గింది. డాక్టర్ల సంగతి 1984 నాటి అధ్యయనంలో బయటపడింది. రోగి బాధ చెప్పుకోవడం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడట. మేనేజర్ల మీద ఇలాంటి స్టాప్‌వాచ్ ఎవరైనా పెడితే 18 సెకన్లు చాలా ఎక్కువనిపిస్తాయని నా నమ్మకం. ఒక టీమ్‌కు పని మీద మనసు ఉందా లేదా అన్నదానిలో తేడాలకు 70 శాతం కారణం మేనేజరేనని గాలప్ సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. జీతం కాదు, క్యాంటీన్ కాదు, పింగ్‌పాంగ్ బల్ల అసలే కాదు.

మైకు నేర్పేది ఇంకొకటుంది, మాట నిలబెట్టుకోవడం. రికార్డింగ్ అయ్యాక అతిథి వెనక్కి తిరిగి "ఆ మా అన్నయ్య సంగతి తీసేయండి బాబూ" అంటారు. ఎపిసోడ్ మొత్తానికి పసందైన ముక్క అదే అయినా తీసేయాల్సిందే. ఒక్కసారి ఉంచామా, ఇంకో మనిషి మన ముందు నోరు తెరవడు. మన ఆఫీసుల్లో "నీకూ నాకూ మధ్యే" అని రాబట్టిన మాట మర్నాడు పొద్దున్నే హెచ్‌ఆర్ టేబుల్ మీద ఉంటుంది. ఆ తర్వాత "మా వాళ్లు ఓపెన్‌గా మాట్లాడరండీ" అని బాధపడతారు.

నిజానికి ఇవన్నీ మనకు కొత్త కావు. రేడియో ఎప్పుడో నేర్పింది. నన్ను రేడియో పిచ్చోడంటారు, అనుకోండి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాలానందం' నడిపారు, ముందు మద్రాసులో, తర్వాత హైదరాబాద్‌లో. ఊళ్లో ఎవరూ రాఘవరావు గారనలేదు, రేడియో అన్నయ్య, అక్కయ్య అన్నారు. పిల్లలతో పాడించారు, నాటకాలు వేయించారు, మాట్లాడించారు. అది పిల్లల కార్యక్రమమని మరిచిపోయి మైకును వాళ్లే మింగేయలేదు. నత్తి పిల్లాడు, సిగ్గరి పిల్ల, అల్లరి గుంపు, ఇంతమందిని ఒక స్టూడియోలో ఎర్ర దీపం వెలిగే సమయానికి కుదురుగా నిలబెట్టడాన్ని మించిన టీమ్ మేనేజ్‌మెంట్ ఏముంటుంది? ఇక విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు 'ధర్మసందేహాలు' చెప్పేవారు. ఆయన ఘాటైన మనిషి, జవాబులో చురక ఉండేది. కానీ ముందు శ్రోత ఉత్తరం, తర్వాతే ఆయన మాట. రేడియోలో ప్రసంగం ఇవ్వాలంటే కాగితం మీద రాసుకుని, చదివి, నిమిషాలు చూసుకుని రావాలి. ఎంతటి పండితుడైనా తన సమయం అయిపోతే ఆగాల్సిందే. ఆ క్రమశిక్షణను పాతచింతకాయ పచ్చడి కింద తీసిపారేశాం. ఇప్పుడు చేతిలో మైకు, పైన యూట్యూబు, కోసేవాడు లేడు. మూడు గంటల ఇంటర్వ్యూలో రెండు గంటలు యాంకర్ గారి జీవితానుభవమే.

పాడ్‌కాస్ట్ అంటే మరో మంట కూడా ఉంది. మన దేశంలో పని గంటల రభస పుట్టిందే ఒక పాడ్‌కాస్ట్‌లో. 2023 అక్టోబర్‌లో అందులో మాట్లాడుతూ ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని కూడా ఆయన అడిగారు. అదే ఏడాది మన రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు 10 గంటల పనికి దారి తెరిచాయి. వారానికి 48 గంటల గీత ఉందిలే అని సర్దిచెప్పారు. ఆ గీత ఎంత గట్టిదో మాదాపూర్‌లో రాత్రి పదకొండింటికి వెలుగుతున్న అద్దాల మేడల్ని చూస్తే తెలుస్తుంది.

ఎన్ని గంటలన్నదే చర్చ. ఆ గంటల్లో ఏం జరుగుతోందని ఎవరూ అడగరు. తన సాఫ్ట్‌వేర్ వాడే ఉద్యోగుల సమయంలో 57 శాతం మీటింగులు, మెయిళ్లు, చాటింగులకే పోతోందని మైక్రోసాఫ్టే 2023లో లెక్క తేల్చింది. అసలు పనికి మిగిలింది 43 శాతం. పగలంతా బాసు మాట్లాడతాడు, కాబట్టి ఉద్యోగి రాత్రి పని చేస్తాడు. దానికి కష్టపడే తత్వమని పేరు పెట్టి, అలా చేయని వాడికి నిబద్ధత లేదంటారు. 70 గంటలు కావాలనే పెద్దలు, ఇప్పుడున్న 48 గంటల్లో తమ ఉపన్యాసాల వాటా ఎంతో ముందు చెప్పాలి.

అందుకే మేనేజర్లందరికీ ఒక విన్నపం. నాయకత్వ శిక్షణ శిబిరాలకు, గోవా రిసార్టులకు డబ్బు తగలేయకండి. మీ సోమవారం మీటింగును అందరికీ చెప్పి, ఒప్పించి రికార్డు చేయండి. ఇంటికెళ్లేటప్పుడు ట్రాఫిక్‌లో ఎలాగూ గంట కూర్చుంటారు, అప్పుడు వినండి. ఎవరి మాట ఎక్కడ తెంపారో, ఏ ప్రశ్న వేసి జవాబు మీరే చెప్పుకున్నారో, ఎవరు ఒక్క ముక్కా మాట్లాడకుండా లేచిపోయారో రాసుకోండి. మర్నాడు ఆ మాట్లాడని మనిషి దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడిగి, ఊరుకోండి. పైసా ఖర్చు లేదు. పని గంటలు పెంచమని ప్రభుత్వాన్ని అడిగే ముందు ఈపాటి పనైనా చేయండి.