పెళ్లి మేకప్‌కి బ్రాండు పిచ్చి

రాజమండ్రిలో పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడం నా పని. ఒకప్పుడు పెళ్లివారు ముందుగా "ఎంత తీసుకుంటారు?" అని అడిగేవారు. ఇప్పుడు "ఏ బ్రాండు వాడతారు?" అంటున్నారు. డిజైనర్ పేరు చెబితే తల్లి మొహం వెలిగిపోతుంది. కొందరైతే పిన్ని కూతురు డల్లాస్ నుంచి తెచ్చిన డియోర్ మస్కారా చేతిలో పెట్టి, "ఇదే వెయ్యక్కా" అంటారు.

వేస్తాను. బాగుంటే బాగుందనే చెబుతాను. ఖరీదైన ఐషాడో చాలాసార్లు మెత్తగా ఉంటుంది, రెప్ప మీద మరకల్లేకుండా కలిసిపోతుంది, చెంపల మీదకు తక్కువ రాలుతుంది. అక్షింతలు వేయడానికొచ్చిన చుట్టాలకు ఆ తేడా తెలియదు గానీ, దగ్గర నుంచి తీసే కెమెరాకు తెలుస్తుంది. మస్కారా విషయంలో మాత్రం పేరు చూసి డబ్బు పొయ్యడం నాకు నచ్చదు.

మన పెళ్లి మస్కారాకు పెట్టే పరీక్ష అంతా ఇంతా కాదు. మే నెల గోదావరి ఉక్క. అర్ధరాత్రి లగ్నానికి సాయంత్రమే ముస్తాబు. హోమం పొగ సూటిగా కళ్లలోకే వస్తుంది. తలంబ్రాలు రెప్పల మీద పడతాయి. అన్నీ అయ్యాక అప్పగింతలు. అంతవరకూ నవ్విన పిల్ల కూడా అక్కడ ఏడుస్తుంది. ఇన్ని తట్టుకుని నిలవాలంటే సీసాలో ఉన్న సరుకు ఏమిటో చూడాలి. మైనం పాళ్లు ఎక్కువున్న వాటర్‌ప్రూఫ్ రకం నీళ్లకు లొంగదు, తీయాలంటే నూనె కావాలి. ఇంకోటి ట్యూబింగ్ రకం. ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నటి తొడుగులా బిగుసుకుంటుంది, చెమటకు, జిడ్డుకు కరగదు, గోరువెచ్చని నీళ్లతో తడిపితే ఊడొస్తుంది. తెల్లారి నిద్రకళ్లతో కూర్చున్న పెళ్లికూతురి రెప్పలు రుద్దాల్సిన అవసరం లేనందుకే నాకు ఇదంటే ఇష్టం. దీనికి డిజైనర్ ముద్రే ఉండాలని లేదు.

అసలు ఆ ముద్ర వెనక ఎవరున్నారో చూడండి. ఈవ్ సాన్ లోరాన్ పేరుతో అమ్మే సౌందర్య సాధనాల వ్యాపారాన్ని 2008లో లోరియల్ కొనుక్కుంది. మన వీధి ఫ్యాన్సీ షాపుల్లో దొరికే మేబెలిన్ కూడా 1996 నుంచి ఆ కంపెనీదే. రెండింట్లో ఒకే సరుకు పోస్తారని నేను అనడం లేదు. గౌన్లు కుట్టించే సంస్థ, మస్కారా చేసే సంస్థ వేర్వేరని మాత్రం అంటున్నాను. అన్నీ ఇంతే అనుకోకండి, షనెల్ మేకప్ వ్యాపారం షనెల్ చేతిలోనే ఉంది. కళ్లద్దాలకు వస్తే ఆ షనెల్ కూడా పేరును అద్దెకిచ్చేదే. షనెల్, ప్రాడా, వెర్సాచే ఫ్రేములు లైసెన్సు మీద తయారుచేసేది లక్సోటికా. 1961లో ఇటలీలో అగోర్డో అనే చిన్న ఊళ్లో మొదలైన కంపెనీ అది. హల్దీ ఫొటోల కోసం వధూవరులిద్దరూ నల్లద్దాలు కొంటున్నారు, సరదాయే, కాదనను. కానీ చెవి పక్క ముద్రకు ముందు అద్దం మీద యూవీ400 ఉందో లేదో చూడండి. ఆ రక్షణ లేని నల్లద్దం పెట్టుకుంటే చీకటికి కనుపాప విప్పారి, హాని చేసే కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి.

నాకు ఒళ్లు మండేది మాల్‌లో "ట్రై చేయండి మేడమ్" అనే వ్యవహారం. హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో, ఎందరో వాడిన టెస్టరు మస్కారా బ్రష్షునే నేరుగా నా కంటి దగ్గరకు తెచ్చింది అక్కడి అమ్మాయి. చెయ్యి అడ్డం పెట్టి, వాడి పారేసే బ్రష్షు ఉందా అని అడిగాను. లేదంది. వేల రూపాయల సరుకు అమ్మేచోట ఆ చిన్న బ్రష్షుకు కరువొచ్చిందా? ఒకరికి కళ్లకలక ఉంటే ఆ సీసా చాలు, పదిమందికి అంటించడానికి. పిల్లదాన్ని అని లాభం లేదు, ఇవ్వాల్సింది యాజమాన్యం.

ఇంట్లో బ్రాండు సీసాను అపురూపంగా దాచుకోవడమూ అంతే ప్రమాదం. మస్కారా మూత తీశాక మూడు నెలలు దాటితే నేను వాడను, ఎంత పోసి కొన్నా సరే. అక్కకూ చెల్లికీ కూడా ఒకటే సీసా వద్దు.

పెళ్లికూతుళ్లకు నేను చెప్పేది ఇదీ. ఐషాడో మీద ఖర్చు పెట్టాలనిపిస్తే పెట్టండి. మస్కారా, లైనరు ముందే తెచ్చుకుని ట్రయల్‌కి ఎండపూట రండి, ఏసీ ఆపేసి చూద్దాం. దుకాణంలో మాత్రం కొత్త బ్రష్షు ఇస్తేనే కంటికి పెట్టనివ్వండి; లేదంటే ముంజేతి మీద గీసి చూసుకుని వచ్చేయండి.