అంత్యస్మరణకు మత్తుమందు విఘ్నమా?

ఇంటిపెద్ద ఐసీయూలో కృత్రిమశ్వాసపై ఉన్నప్పుడు భక్తకుటుంబాలలో ఒక శంక తలెత్తుతుంది. నొప్పి తెలియకుండా మందిస్తే స్పృహ మసకబారుతుంది కదా, అది భగవన్నామస్మరణకు విఘ్నం కాదా అని. గీతలోని అష్టమాధ్యాయం పఠించినవారికి ఈ భయం సహజం. దీనిని మౌఢ్యమని తోసివేయరాదు.

అయితే తీవ్రవేదన కూడా స్మరణకు విఘ్నమే. కంఠంలో గొట్టమున్న రోగి నోరు విప్పి చెప్పలేడు. ముఖం చిట్లించడం, కండరాలు బిగించడం, యంత్రశ్వాసతో పెనుగులాడడం చూసి వైద్యులు అతని బాధను అంచనా వేస్తారు. "ప్రారబ్ధం, అనుభవించవలసిందే" అనడం నా దృష్టిలో వేదాంతం కాదు, నిర్దయ. రోగం ప్రారబ్ధమైతే ఔషధం లభించడం మాత్రం కాదా?

"హాయిగా నిద్రపోనివ్వండి" అని గాఢమైన మత్తును కోరేవారూ ఉన్నారు. అది సుషుప్తి కాదు. 2000లో చికాగో పరిశోధకులు దినానికొకసారి మత్తును ఆపి రోగులను మేల్కొలిపితే, కృత్రిమశ్వాసపై గడిపే కాలపు మధ్యస్థం 7.3 దినాల నుండి 4.9కు తగ్గింది. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సైతం ముందు నొప్పిని శమింపజేసి, ఆపైన అవసరమైతే తేలికపాటి మత్తునే ఇమ్మంటాయి. మిడజోలామ్ వంటి మందుల కంటే ప్రొపొఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ మేలని సూచిస్తాయి. అంటే భక్తుడు కోరే మెలకువనే వైద్యుడూ కోరుతున్నాడు.

ఇక డెలిరియం అనే చిత్తభ్రమ. వ్రేలాడే సెలైన్ గొట్టం రోగికి పాముగా తోచవచ్చు. రజ్జుసర్పదృష్టాంతాన్ని ప్రవచనాలలో ఎన్నిసార్లు విన్నామో! తండ్రి మంచం పక్కన అదే ఎదురైతే "మతి పోయింది" అని సిగ్గుపడతాం. కొందరు రోగులు కేకలు వేయరు. శూన్యదృష్టితో మౌనంగా ఉండిపోతారు. దానిని సమాధిస్థితిగా భ్రమించి మురిసిపోయేవారు లేకపోలేదు. అదీ డెలిరియమే కావచ్చు, వైద్యునికి వెంటనే చెప్పాలి.

ఐసీయూలో చేరిన ప్రతివారిదీ అంత్యకాలం కాదు. నిజంగా అంతిమఘడియలే అయి, బాధోపశమనానికి గాఢమైన మత్తే అవసరమైతే దానిని నిరాకరించకండి. సర్వకాలాలలోనూ స్మరించమన్నదీ ఆ అష్టమాధ్యాయమే. ఏళ్ల తరబడి సాగిన అభ్యాసం ఒక మోతాదు మందుతో చెరిగిపోతుందని నేను నమ్మను.

మత్తును ఈనాడు తగ్గించవచ్చునా అని వైద్యుని అడగండి. రాత్రంతా ఫోనులో సహస్రనామం మ్రోగించకండి, నిద్ర చెడుతుంది. పగటివేళ ఆయన కళ్లజోడు పెట్టి, వినికిడి యంత్రముంటే అమర్చి, "నాన్నగారూ" అని పిలిచి, ఇది ఏ ఊరో, ఏ వారమో చెప్పండి. తరువాత ఆయనకు అలవాటైన నామాన్ని మీ కంఠంతోనే మెల్లగా పలకండి.