నియమావళిలో లేని పేరు

పిల్లల క్రీడా శిక్షణ శిబిరం పెట్టినవారు నియమావళి పత్రం ఒకటి అచ్చు వేయించి పంచిపెట్టడం మా వైపు ఆనవాయితీ. జడ్చర్లలోను, పాలమూరులోను అటువంటివి నేను చాలానే చదివాను. (తెలుగు పండితుల తలవ్రాత అది, కంటబడిన కాగితాన్ని అచ్చుతప్పుల కోసమైనా చదవక మానరు.) అన్నీ ఒకే మూసలో పోసినట్లుంటాయి. ఆలస్యంగా రారాదు. బూట్లు లేనిదే మైదానంలో అడుగు పెట్టరాదు. తోటివారితో కలహించరాదు. శిక్షకుని మాటకు ఎదురు చెప్పరాదు. ఇట్లా పిల్లలకు పదో పన్నెండో "రాదు"లు, తల్లిదండ్రులకు రుసుము గడువును గురించి ఒక వాక్యం. శిక్షకునికి మాత్రం ఒక్కటీ ఉండదు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ప్రతి వాక్యంలోను కర్త ఎవరని వెతకడం నాకు అలవాటు. ఈ పత్రాలలో కర్త ఎల్లవేళలా పిల్లవాడే. కర్మ కూడా, ఇంకొక అర్థంలో, పిల్లవాడిదే.

ఈ వరుస తలక్రిందులు కావాలని నా అభిప్రాయం. పిల్లల ఆటలకు నియమావళి వ్రాసేటప్పుడు మొదటి భాగం శిక్షకునికి, రెండవది తల్లిదండ్రులకు, నిర్వాహకులకు, చివరిది ఆటగాండ్రకు ఉండాలి. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన మాట కాదు. ఎందుకో చెబుతాను.

బాస్కెట్‌బాల్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌ల ముందు మా ప్రాంతంలో అది చిన్న ఆటే. ముగ్గుపిండితో గీతలు గీస్తే సరిపోయేది కాదు గదా. సిమెంటు నేల కావాలి, పది అడుగుల ఎత్తున వలయం కావాలి. అయినా దానినే ఎంచుకోవడానికి కారణమున్నది. మన ఆటలలో ఎక్కువ భాగం ఎవరు ఎప్పుడు కల్పించారో తెలియదు. ఇది మాత్రం ఒక పంతులు కల్పించినది. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు మాట వినని తన తరగతి కోసం 13 నియమాలు వ్రాసి గోడకు తగిలించాడు. ఆ తరగతిలో ఉన్నవారు 18 మంది. చలికాలం నాలుగు గోడల మధ్య ఆడే ఆట కావాలి, ఎవరి కాళ్ళూ చేతులూ విరగకూడదు. గమ్యాన్ని తలకన్న ఎత్తున పెడితే బలంగా విసరడం వల్ల ప్రయోజనం ఉండదు, నేర్పుగా వేయవలసి వస్తుంది. అదీ ఆయన ఆలోచన.

ఆ పదమూడింటిలో నన్ను ఆకర్షించినవి రెండు. న్యాయనిర్ణేతలు ఇద్దరు ఉండాలన్నాడు. ఒకరు బంతిని చూడాలి, రెండవవారు మనుషులను చూడాలి. ఎంత చక్కని విభజన! ఇక రెండవది, తప్పు చేసినవానికి శిక్ష. రెండవసారి తప్పు చేస్తే తరువాతి గోలు పడేవరకు బయట కూర్చోవాలి. కానీ గాయపరచాలన్న ఉద్దేశం స్పష్టంగా కనబడితే ఆట ముగిసేదాకా బయటే, అతని స్థానంలో మరొకరు రాకూడదు. ఒకని దుర్బుద్ధికి జట్టంతా మూల్యం చెల్లించాలన్నమాట.

అన్నట్టు, ఆ పదమూడు నియమాలలో కోచ్ ఊసే లేదు. ఆడేవాళ్ళు, నాయకులు, న్యాయనిర్ణేతలు, అంతే. అమెరికా కళాశాలల ఆటలో 1948-49 దాకా టైమవుట్‌లో సైతం కోచ్ తన ఆటగాండ్రతో మాట్లాడడానికి వీలు లేకపోయింది. ఆట ఆటగాండ్రది అన్న భావన అంత బలంగా ఉండేది. కోచ్ పెద్దవాడైన కొద్దీ నియమాల పుస్తకం అతనిని కూడా లోపలికి తీసుకున్నది. నేటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బెంచీ మీద కూర్చున్నవారు చేసే అల్లరికి టెక్నికల్ ఫౌలు వ్రాసేది కోచ్ పేరు మీదనే. తన సొంత దుష్ప్రవర్తనకు రెండు పడితే, లేదా బెంచీవి కలుపుకొని మూడు పడితే, అతడు మైదానం విడిచి వెళ్ళాలి. ఆటగాడు అయిదు ఫౌళ్ళకు బయటకు పోతాడు, గురువు రెండు మూడింటికే పోతాడు. పెద్దవానికే లెక్క బిగువు. మన శిబిరాల పత్రాలు వ్రాసేవారు ఈ ఒక్క సూత్రాన్ని గ్రహించినా చాలును.

పిల్లలకు పెద్దలు నియమాలు నేర్పాలనుకోవడంలోనే కొంత అహంకారం ఉన్నది. చిర్రగోనె ఆడిన తరంవాడిని. మాకు ఏ కోచూ లేడు. కానీ "తొండి" అన్న మాట ఉండేది. తొండి చేసినవానితో మరునాడు ఎవరూ ఆడరు, అంతకన్న పెద్ద శిక్ష లేదు. అంతేకాదు, చిన్నవాడో, చేతగానివాడో వచ్చి నేనూ ఆడతానంటే వాణ్ణి "అరటిపండు" చేసి కలుపుకొనేవాళ్ళు. వాడు అవుటైనా లెక్క లేదు, ఆటలో మాత్రం ఉంటాడు. పెద్దయిన తరువాత ఆ మాటను మనం ఎగతాళికి వాడుకుంటున్నాము గాని, నా దృష్టిలో అది ఉత్తమమైన నియమం. మినీ బాస్కెట్‌బాల్‌లో జట్టులోని ప్రతి బిడ్డా కొంతసేపైనా ఆడి తీరాలన్న నిబంధన పెట్టారు. వలయాన్ని కూడా 2.60 మీటర్లకు దించారు. అంత చదువుకున్నవారు ఆలోచించి చేసిన పనిని మన వీధిపిల్లలు అరటిపండుతో ఏనాడో చేశారు. మండల స్థాయి పోటీలకు వెళ్ళి చూడండి. పన్నెండు మంది జట్టులో అయిదారుగురు చెమట పట్టకుండానే ఇంటికి వస్తారు. నీళ్ళ సీసాలు మోయడమే వారి క్రీడానుభవం.

ఇక వయసు సంగతి. పాఠశాల క్రీడలు పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిది ఏళ్ళ లోపువారికి వేరువేరుగా జరుగుతాయి. బడి నుండి బోనఫైడ్ పత్రం, దాని మీద ఫొటో, ప్రధానోపాధ్యాయుని సంతకం, ముద్ర ఉండాలి. ఆ ముద్ర క్రింద ఎన్ని అబద్ధాలు దాగినవో బడులలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. పుట్టినతేదీని రెండేళ్ళు ముందుకు జరుపుతారు. అది కుదరకపోతే క్రింది తరగతి పిల్లవాని పేరుతో పై తరగతివాణ్ణి దింపుతారు. నేను పనిచేసిన ఒక బడిలో (ఏ బడి అన్నది అనవసరం) అట్లా వెళ్ళిన కుర్రవాడు రెండు రోజులపాటు తనది కాని పేరుకు "ప్రెజెంట్ సార్" అని పలికి వచ్చాడు. గెలిచాడు కూడా. ప్రార్థన సమయంలో చప్పట్ల మధ్య అందుకొన్న పత్రం మీద ఉన్నది వేరొకని పేరు. ఇంటికి తీసుకువెళ్ళి గోడకు తగిలించుకోవడానికి కూడా పనికిరాని బహుమతి! "మనమొక్కరమే నిజం వ్రాస్తే మన పిల్లలే నష్టపోతారు సార్" అన్నది అప్పుడు వినిపించిన వాదన. వయసు మోసాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది, వైద్యపరీక్షలు పెట్టింది. మంచిదే. కానీ మణికట్టుకు ఎక్స్-రే తీసేదాకా పోవడమెందుకు? అబద్ధం పుట్టేది ప్రధానోపాధ్యాయుని బల్ల మీద. "తొండి చేయరాదు" అని పిల్లలకు వ్రాసే చేయి, ఆ సంతకం పెట్టే చేయి ఒకటే.

తరువాతది బెత్తం. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను పిల్లలను శరీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. తరగతి గదిలో బెత్తం చాలావరకు మూలపడింది. మైదానంలో మాత్రం విజిల్ త్రాడుతో కొట్టడం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, తల్లిని తిట్టడం "క్రమశిక్షణ" అన్న పేరుతో చెల్లిపోతున్నవి. మైదానం బడిలో భాగం కాదా? ఈ మాట అంటే వెంటనే వచ్చే సమాధానం పుల్లెల గోపీచంద్. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు సింధు ఫోను తీసేసుకున్నాడు గదా, అందుకే గదా రజత పతకం వచ్చింది అంటారు. ఆ ఉదాహరణ వారి వాదానికి పనికిరాదు. అప్పటికి సింధు ఇరవై ఒక్క ఏళ్ళ వయోజనురాలు. ఆమె తండ్రి రమణ స్వయంగా దేశానికి ఆడిన వాలీబాల్ క్రీడాకారుడు, పక్కనే ఉన్నాడు. పెట్టిన ఆంక్షకు కారణమున్నది, గడువున్నది. పోటీ ముగియగానే ఫోను తిరిగి చేతికి వచ్చింది. ఇందులో దెబ్బ ఎక్కడ? తిట్టు ఎక్కడ? కఠినత్వం వేరు, కర్కశత్వం వేరు.

నియమం అంటే నిషేధమే అయి ఉండనక్కరలేదు కూడా. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తున్నాడా? 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన శిక్షకుడు. (2024లో "మైదాన్" అనే హిందీ చిత్రం రాకపోతే మన పిల్లలకు ఆయన పేరే తెలిసేది కాదు.) ఆయన చేతకాని కాలితోనే ఆడాలన్న నిబంధనతో పోటీలు పెట్టేవాడు. తిట్టి నేర్పలేనిది నియమం పెట్టి నేర్పాడు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఆడపిల్లలు. ఆరు, ఏడు తరగతులలో చిరుతల్లా పరుగెత్తిన పిల్లలు ఎనిమిదికి వచ్చేసరికి మైదానంలో కనబడరు. తల్లిదండ్రుల మూఢత్వం అని సులభంగా అనేస్తాము. నేను అనను. జట్టుకు ఎంపికైన ఒక పిల్ల తండ్రి నన్నడిగిన మాట ఇది: "సారూ, పిల్ల ఎంబడి ఎవరు పోతరు? రాత్రి యాడ పంటరు?" అందులో మూఢత్వమేమున్నది? దానికి సమాధానంగా చూపించడానికి మన దగ్గర ఒక్క కాగితం లేదు. "మన పీఈటీ సారు మంచివాడమ్మా" అంటాము. మంచివాడే కావచ్చు, నూటికి తొంభైమంది మంచివారే. కానీ తండ్రి అడిగినది మంచితనాన్ని గురించి కాదు, ఏర్పాటును గురించి.

అందులోనూ మాది వలసల జిల్లా. తల్లిదండ్రులు పనులకోసం ఊళ్ళు పట్టుకు పోతే పిల్లలు కస్తూర్బా విద్యాలయాలలోనో, గురుకులాలలోనో ఉంటారు. ఆటల సారు తప్ప పైఊరికి తీసుకుపోయే పెద్దదిక్కు ఉండదు. జట్టులో ఎవరుండాలో నిర్ణయించేది ఆయన, పత్రం మీద సంతకం ఆయనది, రేపటి క్రీడా కోటా ఆశ ఆయన చేతిలో. ఇంత అధికారం ఉన్నచోట నోరు తెరవడం పదమూడేళ్ళ పిల్లకు సాధ్యమా? 2023లో పతకాలు గెలిచిన మల్లయోధురాళ్ళే తమ ఫిర్యాదు వినిపించడానికి ఢిల్లీ వీధిలో వారాల తరబడి కూర్చోవలసి వచ్చింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పెద్ద దాచిపెడితే అతనికీ జైలు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం మహిళలను, మైనర్లను కాపాడే విధానం ఉండాలని చెప్పింది. చట్టాలు ఢిల్లీలో ఉన్నవి. మా ఊరి మైదానపు గోడ మీద "ఉమ్మివేయరాదు" అని మాత్రమే ఉన్నది.

తల్లిదండ్రులను వదిలిపెట్టానని అనుకోకండి. గీత బయట నిలబడి "వాణ్ణి నూకురా" అని అరిచే తండ్రులను చూశాను. ఇది మన ఒక్కరి రోగం కాదు. నైస్మిత్ ఆట పుట్టిన మసాచుసెట్స్ రాష్ట్రంలోనే, 2000 జూలైలో, పిల్లల ఐస్ హాకీ సాధన దగ్గర ఇద్దరు తండ్రులు కొట్టుకొని ఒకరు మరణించారు. తగవు దేనికి? పిల్లలు మొరటుగా ఆడుతున్నారని! అదే ఏడు ఫ్లోరిడాలోని జూపిటర్ పట్టణంలో క్రీడా సంఘంవారు, సత్ప్రవర్తన పాఠానికి తల్లిదండ్రులు హాజరైతేనే పిల్లలను ఆడనిస్తామని నిబంధన పెట్టారు.

నా మాట చెల్లేటట్లయితే శిబిరాల పత్రాన్ని ఇట్లా మొదలుపెడతాను. శిక్షకుడు ఏ బిడ్డనూ కొట్టడు, తిట్టడు. ఆట నేర్పడానికి తాకవలసి వస్తే ముందు చెప్పి, అందరి ఎదుట, తాకుతాడు. ఏ పిల్లనూ ఒంటరిగా గదికి పిలవడు, రాత్రివేళ ఫోనులో సందేశాలు పంపడు. జట్టును ఎట్లా ఎంపిక చేశాడో అడిగిన తల్లిదండ్రులకు చెబుతాడు. తప్పుడు వయసు మీద సంతకం పెట్టడు. జట్టులో ప్రతి ఒక్కరినీ ఆడిస్తాడు. శిక్షకుని మీద ఫిర్యాదు వస్తే వినేది శిక్షకుని స్నేహితుడు కాదు. ఎవరన్నది, ఆమె ఫోను నంబరుతో సహా, గోడ మీద ఉంటుంది. ఇవన్నీ అయిన తరువాత బూట్ల సంగతి వ్రాసుకోవచ్చు.

వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. ఒక్కదానికి ఉన్నది. ఉపాధ్యాయిని తోడు లేనిదే ఆడపిల్లల జట్టు ఊరు దాటరాదన్న నియమం పెడితే, ఆమె ప్రయాణపు చార్జీలు ఎవరివి, ఆ రెండు మూడు రోజులు ఆమె తరగతులు ఎవరు చూస్తారు, ఇంట్లో పసిబిడ్డ ఉన్నవారిని ఏ ముఖంతో అడుగుతాము? ఉన్న ఒకరిద్దరు ఉపాధ్యాయినుల మీదనే ప్రతిసారీ భారం పడుతుంది. తల్లులలో ఒకరిని చార్జీలిచ్చి వెంట పంపవచ్చునా అని ఆలోచిస్తున్నాను. కూలి పోగొట్టుకొని రావాలంటే కూలి కూడా మనమే ఇవ్వాలి. మీలో బడులు నడిపినవారు, నడుపుతున్నవారు ఉన్నారు. మీ దగ్గర దీనికి ఏ ఏర్పాటు చేశారో వ్రాయగోరుతాను.